గోడలు కట్టే బాకీ

సెప్టెంబరు రెండో సోమవారానికల్లా
జాబితా కౌంటీకి చేరాలి.
పోయినేడు చెత్త రుసుము ఎగ్గొట్టిన ఇళ్లు
నూట పదకొండు.
మనుషులు కాదు, ఇళ్లు.
ఆ తేడా బోధపడటానికి
ఈ గుమాస్తా కుర్చీలో నాకు మూడేళ్లు పట్టింది.

మనిషి ఊరు మారుస్తాడు, ఫోను మారుస్తాడు,
ఇండియానాలో చెల్లెలింట్లో తలదాచుకుంటాడు.
ఇల్లు ఎక్కడికి పోతుంది?
అందుకే మూడు నోటీసులు వెళ్లి తిరిగొచ్చాక
చెత్త బాకీని ఇంటిపన్నులో కలిపేస్తాం.
బడికింత, వంతెనకింత, ఫైరింజనుకింత,
ఆ కింద కొత్తగా ఒక వరస.
గోడకు కొట్టిన సున్నం తిరిగిరాదంటారు.
మా ఊళ్లో గోడే కడుతుంది.

అభ్యంతరాలు వినే రాత్రి, ఆగస్టు ఉక్క,
కౌన్సిలు గదిలో ఏసీ మూలుగుతోంది తప్ప చల్లబరచడం లేదు.
వచ్చింది తొమ్మిదిమంది.
ఆర్విడ్ స్టెన్‌గార్డ్ ఒక ఊరగాయ సీసా తెచ్చి
బల్ల మీద పెట్టాడు.
"ఏడాదంతా నేను పారేసింది ఇదీ."
లోపల రెండు బ్యాటరీలు, విరిగిన పళ్లసెట్టు ముక్క,
మాత్రల రేకు, దేనిదో నీలం మూత.
మిగతాదంతా కోళ్లకీ మొక్కలకీ పొయ్యికీ.
"మూడొందల పన్నెండు డాలర్లు దేనికి కట్టాలి?"
మేయరు దగ్గింది.
"బండి వస్తుంది కాబట్టి.
మీరు వేసినా వెయ్యకపోయినా వస్తుంది కాబట్టి."
వెనక వరసలో ఎవరో నవ్వారు.
సీసా మాత్రం అలాగే ఉంది,
మినిట్స్ రాస్తున్న నా చేతికి జానెడు దూరంలో.

తర్వాత రోవీనా టిబ్స్, ఇల్లు అద్దెకిచ్చినావిడ.
డబ్బా నింపింది వాళ్లు,
డైపర్లు వాళ్లవి, బీరు సీసాలు వాళ్లవి,
పరుపు పెరట్లో పడేసి అర్ధరాత్రి ఉడాయించిందీ వాళ్లే,
పన్ను మాత్రం నా నెత్తినా?
ఆవిడ కోపంలో న్యాయం ఉంది.
చట్టంలోనూ ఉందట,
ఇంకో పేజీలో.

ఓట్లు: నాలుగు, ఒకటి.

మర్నాడు పొద్దున సీసా బల్ల మీదే ఉంది.
ఆర్విడ్ మర్చిపోయాడో, మర్చిపోలేదో.
నేను పారేస్తే అది ఊరి చెత్త.
తీసి కిటికీలో పెట్టాను.

ఇక అరవై రెండో వరస.
హ్యాకెట్ లేన్, నాలుగో నంబరు, క్లెమెంట్ డుబ్రో.
అభ్యంతరం చెప్పడానికి ఎవరూ రాలేదు.
బిల్లు మాత్రం తిరిగొచ్చింది,
వెనక పెన్సిలుతో మూడు ముక్కలు:
"క్లెమ్ మార్చిలో పోయాడు.
ఆయన ఇక ఏమీ పారెయ్యడు.
నేనూ పారెయ్యడం లేదు."

చివరి మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.
శనివారం కూరలకని బయల్దేరి
అవసరం లేకపోయినా ఆ దారిన వెళ్లాను.
గరాజు తలుపు సగం ఎత్తి ఉంది.
అతని బూట్లు, కట్టలు కట్టిన పేపర్లు,
తాడు మీద కడిగి ఆరేసిన రొట్టె సంచులు,
వరసగా ఖాళీ షేవింగ్ క్రీం డబ్బాలు.
ఊరిచ్చిన ఆకుపచ్చ డబ్బా తళతళలాడుతూ గుమ్మం పక్కన,
మూతకీ గోడకీ మధ్య సాలెగూడు.
కారు ఆపలేదు.

మినహాయింపు గడిలో మూడే కారణాలు చెల్లుతాయి:
అగ్నిప్రమాదం, కూల్చివేత,
ఆరునెలలు మించి ఖాళీ.
ఆ ఇల్లు కాలలేదు. కూలలేదు.
ఖాళీగా అసలే లేదు.

పది శాతం జరిమానా కలిపి
మూడొందల నలభైమూడు డాలర్ల ఇరవై సెంట్లు
టైపు చేశాను. పంపాను.
కౌంటీ నుంచి రసీదు నంబరు వచ్చింది.

పెన్సిలు రాత ఉన్న బిల్లు ఫైల్లో ఉంది.
ఏడేళ్లు భద్రపరచాలి.
ఆ తర్వాత
పారెయ్యమని రూలు.